నయమైన సంగతి దాచినవాడు

ఇళ్ల సామాన్లు మార్చే లారీ మీద పనిచేసేవాళ్లకి ఒక లెక్కుంది. మెట్ల మీద బీరువా దించేటప్పుడు కింది కొస పట్టుకున్నవాడే మొనగాడు, బరువంతా వాడి మీదే. పై కొస పట్టుకున్నవాడు "జాగ్రత్త, జాగ్రత్త" అని అరవడానికి తప్ప ఎందుకూ పనికిరాడని వాళ్ల ఎగతాళి. మన క్రేను ఇన్నేళ్లలో పై కొస పట్టి ఎరగడు. క్రేను అన్నది తోటివాళ్లు పెట్టిన పేరు. ఆ పేరు విని మీసం మెలేసేవాడు కూడా, అబద్ధమెందుకు!

అంతటివాడు ఒకరోజు ఖాళీ అట్టపెట్టె ఎత్తబోయి కూలబడ్డాడు. ఫ్రిజ్‌లకి లొంగని నడుము అట్టపెట్టెకి లొంగింది, ఏం చెప్పమంటారు! సామాన్లు మోసేవాణ్ణి సామానులాగే మోసుకొచ్చి మంచం మీద దించి వెళ్లారు.

ఆనాటి నుంచి మంచమే లోకమైంది. ఎముక జారిందని, వంగితే పుటుక్కున విరుగుతుందని తనకు తానే తీర్పిచ్చుకున్నాడు. అతని భార్య రెడీమేడ్ బట్టల యూనిట్‌లో మిషన్ కుడుతుంది. పగలంతా అక్కడ కుట్టి, సాయంత్రం మూడో అంతస్తుకి నీళ్ల క్యాన్లు మోసేది. గ్యాస్ బండ కూడా తనే దొర్లించుకొచ్చేది. అతను చూడలేక గోడవైపు తిరిగి పడుకునేవాడు.

స్కాన్ తీస్తే వయసుతో వచ్చే అరుగుదల తప్ప ఏమీ లేదన్నారు. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. ఇతనికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు లారీ పనిలో అతని బదులు కింది కొస పట్టుకుంటున్నది బావమరిది. వాడు చూడవచ్చి ఊరుకున్నాడా?

"ఏం బావా, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే నీ యవ్వారం! స్కాన్‌లో నీ నడుం బంగారంలా ఉందంటగా!"

వాడు నవ్వాడు సరే, వాడి నోటికి హద్దెక్కడ? వంటగదిలో భార్య కూడా నవ్వింది. చిన్నగానే నవ్వింది. అయినా ఆ నవ్వు అతని గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

డాక్టరు పంపిన ఫిజియోథెరపీ గదిలో మేడమ్ అతన్ని నిలబెట్టింది, వంగమంది, కుర్చీలోంచి లేవమంది, బూటు లేసు కట్టమంది. చివరికి, "ఏ పని చేస్తే నడుం విరిగిపోతుందని మీ భయం?" అని అడిగింది. అలా ఎవరూ అడగలేదు ఇంతవరకు.

"కింద నుంచి ఏదన్నా ఎత్తడం, మేడమ్. కానీ స్కాన్‌లో ఏమీ లేదుగా. అందరూ నాటకం అనుకుంటున్నారు."

"నొప్పి నిజమే, నేను నమ్ముతున్నా. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లో కూడా ఇలాంటి అరుగుదల ఉంటుంది. మీ నడుం విరగలేదు, భయంతో బిగుసుకుపోయింది. రోజూ నడవండి. చిన్న బరువుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ ఎత్తండి."

నమ్ముతున్నానన్న ఆ ఒక్క మాటకి అంత మనిషికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

భార్య పనికెళ్లగానే నడకకి బయల్దేరేవాడు. ఇంట్లో పప్పు డబ్బాతో మొదలుపెట్టి నీళ్ల బకెట్ దాకా వచ్చాడు. ఎండాకాలం నడిమికల్లా నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. తంటా అక్కడే వచ్చింది. ఆపరేషన్ లేదు, సూది లేదు, ఉత్త నడకతో తగ్గిందంటే బావమరిది వదులుతాడా? "నే చెప్పలా!" అని వీధంతా చాటుతాడు. భార్య మళ్లీ నవ్వితే? అమ్మో! ఇంకొన్నాళ్లు పోనిచ్చి, మెల్లగా తగ్గినట్టు కనిపిద్దాంలే అనుకున్నాడు. ఆ కొన్నాళ్లు సాగుతూనే పోయాయి. వీధి మలుపులో డాక్టరిచ్చిన నడుం బెల్టు విప్పి చంకలో పెట్టుకునేవాడు, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ బిగించేవాడు. సాయంత్రం ఆమె క్యానుతో రొప్పుతూ వస్తే, మంచం మీద నుంచి "అబ్బా" అనేవాడు. నిజంగా నొప్పి ఉన్న రోజుల్లో కూడా అంత గట్టిగా మూలగలేదు, వెధవ! ఆ మాటతో తనను తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో. తిట్టుకుని కూడా మళ్లీ మూలిగేవాడు.

వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం నడకలో తడిసి, ఇంట్లో ఎవరుంటారులే అని బెల్టు చంకలోనే ఉంచుకుని, రెండేసి మెట్లు ఎగిరి ఎక్కుతూ వచ్చాడు. రెండో అంతస్తు మలుపులో భార్య మెట్టు మీద కూర్చునుంది. పక్కన నీళ్ల క్యాను. ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి నడుం మీద.

"ఈ వేళప్పుడు ఇక్కడేంటి?" అన్నాడు, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయి.

"మిషన్ ముందు కూర్చోలేకపోయా. నడుం పట్టేసింది. చాన్నాళ్లుగా ఇంతే, ఇవాళ మరీ లేవలేకపోతే పంపించేశారు. ఇంట్లో తాగడానికి చుక్క లేదు కదా అని దారిలో ఇది తెచ్చా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నేను మోస్తానంటావు. నీ నడుం ఇంకా పాడైతే ఎట్లా?"

అప్పుడు చూసింది చంకలో బెల్టు. అతను ఎగిరి వచ్చిన మెట్లకేసి కూడా చూసింది. ఇన్నాళ్లూ ఏది రాకూడదని భయపడి చచ్చాడో ఆ నవ్వు రాలేదు. ఆమె ముఖం విప్పారింది.

"తగ్గిందా ఏంటి నీకు? నిజంగానా? ఎప్పటి నుంచి?"

ఆ సంతోషం ముందు అబద్ధం నోటికి రాలేదు.

"ఎండాకాలం నుంచే," అన్నాడు.

ఆమె ముఖంలో వెలుగు పోయింది. అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. కాలితో క్యాను అతనివైపు నెట్టి, "ఎత్తు," అంది.

ఎత్తాడు. సిగ్గులేని నడుము, కలుక్కుమనైనా అనలేదు. మూడో అంతస్తుకి ఎక్కుతుంటే, వెనక ఆమె ఒక్కో మెట్టుకీ ఆగుతూ, ఊపిరి బిగబట్టి వస్తోంది. దిగి వెళ్లి చెయ్యందిద్దామనుకున్నాడు. వెనక్కి తిరగడానికి ముఖం చెల్లలేదు.