ఎన్ని పండ్ల బండి?

మా చిన్నతనంలో ఒకసారి... మృగశిర కార్తె ఇంకా వారం ఉందనగా మా ఎద్దుల జతలో ఒకటి పాము కరిచి చనిపోయింది. కొట్టంలో ఒక్కటే మిగిలింది. ఒంటి ఎద్దుతో నాగలి సాగదు. వాన పడి, పదును ఆరిపోయేలోగా విత్తనం వేయకపోతే ఆ ఏడాది ఇంట్లో జొన్నలు లేనట్టే...

వీపనగండ్ల దగ్గర మా ఊరు. నాయిన నన్ను వెంటబెట్టుకుని పెబ్బేరు సంతకు బయలుదేరాడు. పోవడం బస్సులో... రావడం కొన్న ఎద్దుతో నడిచి.

సంతలో కొమ్ములు చెక్కి, నూనె రాసి, మెడలో గంటలు కట్టి నిలబెట్టిన ఎద్దులు వరసగా... నా కన్ను ఒక తెల్ల కోడె మీద పడింది. దళారి దాని కింది పెదవి లాగి చూపించాడు.

"రెండు పండ్లే పటేలా! ఇంక పదేండ్లు నీ కాడి మోస్తది."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను... ఎద్దు వయసు దాని నోట్లో ఉంటుంది. పాల పళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వస్తే కుర్ర కోడె. తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది. ఎనిమిదీ వచ్చాక ఇక లెక్క ఉండదు, అరుగుదలే.

తెచ్చిన పైసలకు ఆ కోడె వచ్చేటట్టే ఉంది. నేను నాయిన చెయ్యి పట్టి గుంజాను. ఆయన నా వైపు చూసి, "ఇంటికాడున్నోడు ఎన్ని పండ్లోడురా?" అన్నాడు.

"ఎనిమిది... అరిగినయి గూడ."

"మరి గీన్ని తీస్కపోయి వాని పక్కన కడితె? వీడు గుంజుతుంటె వాడు సస్తడు."

దళారి ఊరుకోలేదు. "ముసలోని పక్కన ముసలోన్నే కడ్తవా పటేలా? రెండు గలిసి సాల్ల పండుకుంటయి!"

"పండుకుంటె ఒక్కతాననే పండుకుంటయి తియ్యి. ఎతుకులాడే పని తప్పుతది," అన్నాడు నాయిన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది.

ఎనిమిది పళ్ళూ వచ్చిన ఒక నల్ల ఎద్దును కొన్నాడు. దారి పొడుగునా నేను పది అడుగులు వెనక నడిచాను... అది మాది కాదన్నట్టు. ఊళ్ళోకి రాగానే పక్కింటాయన అరుగు మీది నుంచే కేకేశాడు. "ఏమ్రా, మీ నాయిన సంతకు పోయి మీ తాతను తోల్కొచ్చిండా?"

వాన పడింది. సాలు చివరికి రాగానే నల్ల ఎద్దు ఎవరూ చెప్పకుండానే తిరిగింది. మూడో రోజుకు మా విత్తనం పూర్తయింది. ఆ ఏడాదే కోడెను తెచ్చుకున్న పక్కింటాయన, దాన్ని మచ్చిక చేయడానికి ఇంకా దుంగ లాగిస్తూనే ఉన్నాడు.

అయితే ఒకటి దాచకూడదు... ఆ ఎద్దు నాలుగేళ్ళే నడిచింది. ఆ తర్వాత రెండూ ఒకేసారి ఆగిపోయాయి. రెండింటికి పైసలు లేక నాయిన భూమిని కౌలుకు ఇచ్చాడు. కోడెనే కొని ఉంటే బాగుండేదా అని అప్పుడు అడిగాను.

"ఏమో బిడ్డా... అయితుండెనేమో. ఆ యేడు గింజలైతె ఇంటికొచ్చినయి," అన్నాడు. అది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... మొన్న పాత కారు కోసం వనపర్తి పోయాము. మేము ఉండేది కొల్లాపూర్‌లో. మా ఆవిడ పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. ఇరవై ఏళ్ళుగా నా బైకు వెనక కూర్చునే పోయి వస్తోంది. నిరుడు నడుము పట్టేసింది. బైకైనా మానాలి, ఉద్యోగమైనా మానాలి అన్నాడు నాగర్‌కర్నూల్ డాక్టరు. బడి వేళకు బస్సు లేదు. ఆమెకు ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది...

అక్కడ వరసగా నిలబెట్టిన కార్లు చూస్తే నంబరు పలకల మీదే వయసు కనిపించింది. ఏపీ అని ఉంటే రాష్ట్రం విడిపోకముందుది, పన్నెండేళ్ళ పైమాట. టీఎస్ అంటే నడి వయసు. టీజీ అంటే కుర్రది. నాలో నేనే నవ్వుకున్నాను.

"సార్, ఏపీ బండి అని సూడకుండ్రి... ఇంజన్ బొమ్మ లెక్కుంది," అన్నాడు అమ్మే అబ్బాయి. పెద్ద కారు, ధర తక్కువ. కానీ రెండేళ్ళలో దాని రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. టీజీ కారు తీసుకుంటే, ఆమె ఉద్యోగం అయిపోయాక కూడా నేను వాయిదాలు కట్టాలి. మధ్యలో ఎనిమిదేళ్ళ టీఎస్ కారు ఒకటి... చిన్నది.

మా ఆవిడ ధర అడగలేదు. ఎక్కి కూర్చుంది. దిగింది. మళ్ళీ ఎక్కింది.

"అమ్మా, పాటలు సూడుండ్రి, సౌండ్ మస్తుంటది!"

"పాటలు నాకాడ పిల్లలు పాడుతరు తియ్యి. నాకు ఎక్కనీకె, దిగనీకె అల్కగ ఉంటె సాలు."

నేను ఆమెను పక్కకు పిలిచి లెక్క చెప్పాను. "నీ సర్వీసు ఆరేండ్లు. దీని రిజిస్ట్రేషన్ ఇంక ఏడేండ్లు ఉంది."

"ఒక యేడు ఎక్కువనే ఉంది గద," అంది. "ఆ యేడు నన్ను యాడికన్న తిప్పు. ఇరవై యేండ్ల సంది గా అంగన్‌వాడీకి తప్ప యాడికి తీస్కపోయినవ్?"

మెకానిక్‌కు చూపించి, బయానా ఇచ్చి వచ్చాము.

ఇప్పుడు మా ఊళ్ళో దున్నేది ట్రాక్టరే... పెదవి లాగి వయసు చెప్పగలవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, వాళ్ళను అడిగేవాళ్ళు లేరు. మీ ఇంటికీ ఎప్పుడో ఒక పాత బండో, సైకిలో, ఎద్దో వచ్చే ఉంటుంది. ఎంతకు కొన్నారో వద్దు... ఎవరి కోసం కొన్నారో చెప్పండి.