బైపాస్ కింద నీడ

మా ఊరికీ ఏటికీ నడుమ బైపాస్ వేసినారు. ఏటి ఇసుకలోని చెలమకు గొర్రెలు పోయేదెట్లప్పా అని ఇంజనీరును నిలదీసినాను.

"మీ గొర్రెల కోసమే రోడ్డు కింద దోవ పెట్టినాము కద తాతా" అన్నాడు.

గొర్రె తానుగా చీకట్లోకి దిగదు. ముందర మేక నడవాల. అందుకే మందకొక మేకను పెట్టుకుంటాము. దాన్ని లోపలికి తోలినాను. నడిమికి పోయి పండుకొనింది. సోలారు పలకలకని చెట్లు కొట్టేసినాక అది చూసిన మొదటి నీడ అదే. మందంతా దాని పక్కనే పండుకొనింది. పొద్దు వాలినాక మేక లేచి ఇంటి దోవ పట్టింది. గొర్రెలూ దప్పికతోనే దాని వెంట నడిచినాయి.

ఇంజనీరు మరునాడు ఆ దోవలో పండుకున్న మందను చూసి, "బాగా వాడుకుంటాండారే" అని ఫోటో తీసుకున్నాడు.

చెలమ నీళ్లు ఆ నీడకు నేనే బిందెతో మోస్తాండాను.