తొట్టి బిరడా

మా అత్తగారింట్లో పెరటి నీళ్ళతొట్టి కన్నానికి బిరడాగా ఒక మట్టిముక్క ఉండేది. ముల్లంగి దుంపలా కిందికి సన్నబడి, రాయిలా గట్టిగా ఉండేది. ఎప్పుడో పత్తిచేలో బావి తవ్వుతుంటే దొరికిందట. దానికి పాతగుడ్డ చుట్టి కన్నంలో బిగించేవాళ్ళు. తొంభైల చివర్లో నేను ఒంగోలు దగ్గరి ఆ ఊరికి కోడలిగా వచ్చాక తొట్టి కడిగే పని నాకొచ్చింది.

ఒక వేసవిలో ఊరి బయట, పాతకాలపు ఊరు పూడిపోయిన పాటిదిబ్బ చూడ్డానికి చరిత్ర పాఠాలు చెప్పే మేడమ్ ఒకావిడ వచ్చింది. ఎండకు తాళలేక మా ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటానని పెరట్లోకి నడిచింది. తొట్టి కడగడానికి నేను తీసి గట్టు మీద పెట్టిన బిరడా కనబడగానే కాళ్ళ సంగతి మర్చిపోయి అక్కడే గొంతుక్కూర్చుంది. గుడ్డ విప్పి, నీళ్ళు పోసి, బొటనవేలితో మెల్లగా రుద్దింది.

"ఇది రోమ్ దేశపు జాడీ అడుగండీ. దాదాపు రెండువేల ఏళ్ళ నాటిది," అంది.

మిరపకాయలకు తొడిమలు తీస్తున్న మా అత్తయ్య చెయ్యాగిపోయింది. "జాడీకి అడుగు మొనదేలి ఉంటుందా? నిలబడేదెట్లా?"

"ఓడలో ఒకదాని సందులో ఒకటి దిగేసేవాళ్ళండీ. వీటినిండా ద్రాక్షసారా."

"సారానా! అమ్మాయ్, ఇన్నేళ్ళూ ఈ తొట్టి నీళ్ళు పోసుకునే కదే నేను దీపం పెట్టింది!"

ముగ్గురం పగలబడి నవ్వాం. మేడమ్ ఆ ముక్కను ఎండలోకి తిప్పి, మట్టిలో మెరిసే నల్లటి నలుసులు చూపించింది. అది రోమ్ వైపు నిప్పులు కక్కే కొండ దగ్గరి ఇసుకట. ఆ ఓడలే తిరిగి వెళ్తూ మన నూలుబట్టలు పట్టుకెళ్ళేవట. అక్కడి గొప్పింటి ఆడవాళ్ళు వాటికోసం పడి చచ్చేవాళ్ళట.

"మా మిరపకాయలు కూడా తీసుకెళ్ళారా?" అత్తయ్య గర్వంగా అడిగింది.

"అప్పటికి మనకసలు మిరపకాయే లేదండీ. అది చాలా వందల ఏళ్ళ తర్వాత సముద్రాలు దాటి వచ్చింది. ఈ జాడీయే ముందొచ్చింది."

అత్తయ్య చుట్టూ ఎర్రగా పరుచుకున్న కాయల్ని చూసింది. "మరి అన్నం ఎట్లా తిన్నారు తల్లీ?" అంది, నిజంగా జాలిపడుతూ.

మేడమ్ వెళ్తుంటే అత్తయ్యే ఆ ముక్కను తుడిచి ఆవిడ చేతిలో పెట్టింది. "మా దగ్గరుంటే మళ్ళీ కన్నంలోనే పెడతాం," అంది.

ఆ ముక్కను మ్యూజియంలో పెట్టారని కొన్ని నెలలకు కబురొస్తే వెళ్ళి చూసొచ్చాం. దాని పక్క అద్దాల పెట్టెలో రోమ్ రాజు బొమ్మున్న బంగారు కాసొకటి ఉంది. రాజు తలకు పైన రెండు చిన్న చిల్లులు. ఈ ప్రాంతపు ఆడమనిషెవరో దారం గుచ్చి మెళ్ళో వేసుకుని ఉంటుందని అక్కడి మనిషి చెప్పాడు.

అత్తయ్య అద్దం దాకా ముఖం తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"ఆ పిల్ల సామాన్యురాలు కాదే. అంత పెద్ద రాజుకు చిల్లు పొడిపించింది," అంది మెల్లగా.