దీక్షా శిబిరంలో ఇంటర్వ్యూ

2010 జూన్‌లో నన్ను పరీక్షల విభాగం నుంచి ఫెలోషిప్స్ సెక్షన్‌కు అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా మార్చారు. జూనియర్ అసిస్టెంట్‌గా చేరి మెట్టు మెట్టుగా పైకొచ్చినదాన్ని. యూనివర్సిటీలో అసిస్టెంట్ రిజిస్ట్రార్ అంటే బయటివాళ్లు పెద్ద హోదా అనుకుంటారు. నిజానికి అటు ప్రొఫెసర్ల చేతా ఇటు గుమాస్తాల చేతా మాటలు పడే ఉద్యోగం అది. సెక్షన్‌లో నా వెనక నన్ను "రూల్సమ్మ" అనేవారని నాకు తెలుసు. తెలియనట్టే ఉండేదాన్ని.

ఆ ఏడు మాకు ఒక కొత్త పథకం వచ్చింది. కృత్రిమ మేధలో, అంటే కంప్యూటర్‌కు చూడటం, చదవటం, పోల్చుకోవటం నేర్పే విద్యలో, పరిశోధన చేస్తున్న యువతకు విజిటింగ్ ఫెలోషిప్. ఎంపికైనవాళ్లు ఆరు నెలలు బెంగళూరులోని ఒక పెద్ద ప్రయోగశాలలో ఉండి అక్కడి యంత్రాలు వాడుకోవచ్చు, అక్కడి శాస్త్రవేత్తలతో కలిసి పనిచేయవచ్చు. మా దగ్గరేమో పాత కంప్యూటర్లు. ఒక్క ప్రయోగానికి వారం పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చేది. పాపం, పిల్లలు ఆ ఫెలోషిప్ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. యూనివర్సిటీ మొత్తం మీద ఒక్కరినే పంపాలి. వడపోత అయ్యాక ఇద్దరు మిగిలారు.

నరేందర్‌ది సిద్దిపేట వైపు పల్లె. ఏ పొలం ఎవరి సాగులో ఉందో పట్వారీలు రాసిపెట్టిన పాత పహాణీలు ఉంటాయి కదా, ఆ చేతిరాతను కంప్యూటర్ చేత చదివించడం అతని పని. ఎస్తేర్‌ వాళ్లది గుంటూరు జిల్లా. తండ్రి చర్చిలో పనిచేస్తూ లాలాపేట్‌లో స్థిరపడ్డారు. కంటి ఫొటో చూసి, షుగర్ వల్ల చూపు దెబ్బతింటున్న గుర్తులను కంప్యూటర్ పసిగట్టేలా చేయడం ఆమె పని. ఎస్తేర్‌కు ఇంకా వయసుంది. నరేందర్‌కు మాత్రం మరుసటి నెలతో ముప్పై నిండుతాయి. పథకంలో వయోపరిమితి అంతే. అంటే అతనికి ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది.

అప్పుడు తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను ఊపేస్తోంది. ఎప్పుడు ఏ బంద్ వస్తుందో తెలియదు. గేటు దగ్గర పోలీసులు, కళ్లు మండించే గ్యాస్. ఇంటర్వ్యూ రెండుసార్లు వాయిదా పడింది. మాది తెనాలి. తార్నాకలో ఇరవై ఏళ్లుగా అద్దెకుంటున్నా, ఆ రోజుల్లో ఏ కాగితం మీద సంతకం పెట్టినా "ఆంధ్రా మేడమ్ చేసింది" అని ఎక్కడ అంటారోనని ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండేదాన్ని. భయం లేదంటే అబద్ధం.

మూడోసారి పెట్టిన తేదీని ఇక మార్చడానికి లేదు. ఆ సాయంత్రం ఐదు లోపల ఎంపికైన పేరు ఫ్యాక్స్ చేయాలి. ఆ రోజు కూడా బస్సులు లేకపోతే తార్నాక నుంచి నడిచే వెళ్లాను. చెన్నై నుంచి రావలసిన బయటి నిపుణుడు ముందు రోజే గెస్ట్‌హౌస్‌లో దిగడం మా అదృష్టం. సెలక్షన్ కమిటీలో సభ్యులు ఇద్దరే. ఒకరు ఆయన, రెండోవారు డిపార్ట్‌మెంట్ హెడ్ ఖాదర్ గారు. నేను కన్వీనర్‌ని. అంటే కాగితాలు నావి, మార్కులు వాళ్లవి.

ఎస్తేర్ లాలాపేట్ నుంచి నడిచి, చెమటలు కక్కుకుంటూ టైముకు వచ్చింది. నరేందర్ రాలేదు. నియమం ప్రకారం అరగంట చూశాను. ఆపైన హాజరు పట్టీలో అతని పేరుకు ఎదురుగా "గైర్హాజరు" అని ఇంకుతో రాసేశాను. ముప్పై ఏళ్లొచ్చిన మనిషికి ఆమాత్రం బాధ్యత ఉండక్కర్లేదా అని పైకే విసుక్కున్నాను కూడా.

ఎస్తేర్ ఇంటర్వ్యూ బాగా జరిగింది. బయటికొచ్చి పట్టీలో సంతకం చేయబోతూ, నేను రాసిన మాట చూసి ఆగిపోయింది.

"గైర్హాజరేంటండీ మేడమ్? ఆయన క్యాంపస్‌లోనే ఉన్నారు కదా. లైబ్రరీ ఎదురుగా రిలే దీక్షలో కూర్చున్నారు. వచ్చేటప్పుడు చూశాను."

"ఉంటే నీకెందుకమ్మా? రావాల్సింది ఆయన. నీకు మంచిదేగా!" అన్నాను.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "ఆయన రాలేదని నాకిస్తే, అది నాకొచ్చినట్టు ఎలా అవుతుందండీ?" అంది.

నా చెంప ఛెళ్లుమన్నట్టయింది. నా కూతురి వయసు పిల్ల. చెప్పులేసుకుని లైబ్రరీ వైపు నడిచాను.

రిలే దీక్ష అంటే రోజుకో జట్టు వంతులవారీగా ఉపవాసం కూర్చోవడం. పొద్దున దండలు వేస్తారు, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు. షామియానా కింద పరుపుల మీద పదిమంది దాకా ఉన్నారు. వెనక బోర్డు మీద ఆనాటి పేర్లు. నరేందర్ మెడలో బంతిపూల దండ, ఒళ్లో ఇంటర్వ్యూకు తెచ్చుకోవలసిన ఫైలు. ఆ ఫైలు చూసేసరికి నా కోపం సగం దిగిపోయింది.

"ఏమయ్యా, మళ్లీ ఈ అవకాశం రాదని తెలుసా నీకు?" అని అడిగాను.

"తెలుసు మేడమ్. దీక్షకు పేరు నెల కిందనే ఇచ్చిన. మీ తేదీ జరిగి జరిగి గీ దినం మీదికొచ్చింది. ఏం జెయ్యాల్నో సమజ్ కాలే."

"ఒక్క గంట వచ్చి, మళ్లీ వచ్చి కూర్చో."

"నడిమిట్ల లేస్తే దీక్ష ఇడిసిపెట్టినట్టే మేడమ్. ఫెలోషిప్ కోసం లేషిండని నన్నొక్కన్నే గాదు, అందర్నీ అంటరు." ఫైలు మాత్రం గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

పేర్ల జాబితా చూసే విద్యార్థిని పిలిచి, ఇతని బదులు ఇంకొకర్ని కూర్చోబెట్టకూడదా అని అడిగాను. అతను నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టాడు. "పేరు రాసినంక మార్చుడు లేదు మేడమ్. ఇయ్యాల ఒకరికి మారిస్తే రేపు పదిమంది అడుగుతరు. రూల్ అంటే రూలే."

ఇన్నేళ్లూ కౌంటర్ వెనక కూర్చుని నేను చెప్పిన మాటే, అచ్చంగా! నాకు నవ్వాగలేదు. ఏమనుకున్నారో, వాళ్లూ నవ్వారు.

సెక్షన్‌కు వచ్చి పథకం నిబంధనలు మళ్లీ మొదటి నుంచి చదివాను. కమిటీ ఇంటర్వ్యూ స్థలాన్ని మార్చవచ్చు, అయితే అభ్యర్థులందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి అని ఉంది. అతను లేచి రాలేకపోతే కమిటీయే శిబిరానికి వెళ్లవచ్చన్నమాట. ఖాదర్ గారు తటపటాయించారు. "పేపర్లో ఫొటో వస్తే నా నౌకరీ ఖతం మేడమ్" అన్నారు. చెన్నై ప్రొఫెసర్ మాత్రం, ప్రశ్నలు నావి, జవాబులు అతనివి, మధ్యలో ఈ టేబుల్ ఎందుకు అంటూ లేచి కళ్లజోడు పెట్టుకున్నారు. ఆయన లేస్తే ఖాదర్ గారూ లేచారు.

ఇక మిగిలింది ఎస్తేర్ సంతకం. నరేందర్ దగ్గరికి మనిషిని పంపితే, శిబిరంలో కూర్చునే ఒప్పుకుని రాసిచ్చేశాడు. ఎస్తేర్‌ను కూర్చోబెట్టి, ఏదీ దాచకుండా చెప్పాను. "ఇది నువ్వు పెట్టకపోతే ఎవరూ నిన్ను వేలెత్తి చూపరు. పట్టీలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, ఫెలోషిప్ నీది. పెడితే పోటీ వస్తుంది. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుకుంటావా?"

"నాన్నగారు కూడా పెట్టమనే అంటారండీ" అని సంతకం చేసింది. ఆమె ముందే, నేను రాసిన "గైర్హాజరు" మీద ఒకే ఒక గీత గీసి, కింది మాట కనపడేలా ఉంచి, పక్కన పొడి సంతకం పెట్టాను. ఆఫీసు కాగితం మీద తప్పును చెరిపెయ్యకూడదు, కొట్టివేసి ఒప్పుకోవాలి.

శిబిరం ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. జాబితా విద్యార్థి లేచి, ఇంటర్వ్యూ అయ్యేదాకా నినాదాలు బంద్ అన్నాడు. అంతమందీ నోళ్లు మూసుకుని కూర్చున్నారు. ఎస్తేర్‌కు ఎంత సమయం ఇచ్చారో అంతే, ఇరవై నిమిషాలు. గడియారం నా చేతిలో ఉంది. మొదటి జవాబుల్లో నరేందర్ తడబడ్డాడు. పొద్దుటి నుంచీ ఖాళీ కడుపు మరి.

చివర్లో చెన్నై ప్రొఫెసర్ అడిగారు. అక్షరం చెరిగిపోయిందనుకో, అప్పుడు నీ కంప్యూటర్ ఏం చేస్తుంది? పక్క అక్షరాలను బట్టి ఊహిస్తుందా? అలా ఊహించే పద్ధతులే అప్పట్లో గొప్పగా ఉండేవట.

"ఊహించనియ్య సార్" అన్నాడు నరేందర్. "తెల్వకపోతే తెల్వదని చెప్పేటట్టు నేర్పిన. అది ఒక్క అక్షరం తప్పు చదివినా ఒకరి భూమి ఇంకొకరి పేరు మీదికి పోతది. అసొంటి కాగితం మనిషి ముందట పెడుతది, మనిషే చూసి చెప్పాలె."

ప్రొఫెసర్ తల ఎత్తి అతని వైపు చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఖాదర్ గారైతే ఫొటో భయం మరిచిపోయి "షాబాష్" అనేశారు.

ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసి కవర్లు నా చేతికిచ్చారు. రెండింటి మార్కులూ కలిపి లెక్కేశాను. నరేందర్‌కు మూడు మార్కులు ఎక్కువ. నాలుగున్నరకు ఫ్యాక్స్ వెళ్లింది.

ఎస్తేర్‌కు నేనే చెప్పాను. కళ్లనీళ్లు తుడుచుకుని, "బాధగానే ఉందండీ. ఉండదా మరి?" అంది. తర్వాత నడిచే ఇంటికి వెళ్లిపోయింది.

కమిటీ సమావేశం మినిట్స్‌లో స్థలం దగ్గర "విశ్వవిద్యాలయ ఆవరణ" అని రాస్తే సరిపోతుంది కదా అని పైనుంచి ఫోన్ వచ్చింది. నేను "రిలే దీక్షా శిబిరం, లైబ్రరీ ఎదుట" అనే రాశాను. ఏం జరిగిందో అదే రాయడానికి నాకు జీతమిస్తున్నారని చెప్పాను. ప్రతి నిర్ణయం వెనకా ప్రాంతం వెతికిన రోజులవి. ఆ ఎంపిక మీద ఏ పక్షం నుంచీ ఒక్క ఫిర్యాదు రాలేదు. నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునే ఫైలు అదే.

నరేందర్ బెంగళూరులో ఆరు నెలలూ ఉండి పని పూర్తిచేసుకుని వచ్చాడు. మరుసటి ఏడు ఎస్తేర్ మళ్లీ దరఖాస్తు సిద్ధం చేసుకుంది. కానీ పథకాన్నే ఎత్తేశారు. ఆ సంగతి నోటీసు బోర్డులో చూడటం కన్నా నా నోట వినడం మేలనిపించి లాలాపేట్‌లో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ టీ ఇచ్చింది. ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సిందని ఎప్పుడైనా అనిపించిందా అని ఎస్తేర్‌ను అడిగాను.

"అనిపించిందండీ. ఇప్పుడు కూడా అనిపిస్తోంది. కానీ ఆ కాగితం మళ్లీ నా ముందు పెడితే మళ్లీ పెడతాను."

ఎంపిక న్యాయంగా జరిగిందో లేదో ఎంపిక కానివాళ్లనే అడగాలని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి ఫలితం వచ్చాక ఓడిన అభ్యర్థిని ముందు పిలిచి, కుర్చీ వేసి, మార్కుల పట్టీ చేతికిచ్చాను. చాలామంది తిట్టారు. కొందరు పట్టీ చూడకుండానే వెళ్లిపోయారు. ఎస్తేర్‌లా జవాబు చెప్పినవాళ్లు మళ్లీ తారసపడలేదు.