మామ్మ చెప్పని కొలతలు

మా పక్క క్వార్టర్ మామ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున్న వాళ్ళబ్బాయి టీ గ్లాసు తెచ్చి లేపితే లేవలేదట. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. ఆ గోడ అవతల ఆవిడ దగ్గు వింటూ పెరిగినదాన్ని. ఇప్పుడు నిద్ర లేవగానే చెవి అటే పోతోంది.

మేం గుడికెళ్ళేవాళ్ళం, వాళ్ళు చర్చికి. క్రిస్మస్‌కి మామ్మ చేసే నల్ల కేకు కోసం మాత్రం మా లైనంతా ఎదురుచూసేది. ఆ కేకు మామ్మ అత్తగారిది. ఆమె ఒకప్పుడు ఓ దొర బంగళాలో వంట చేస్తూ నేర్చుకుందట. దాని కొలతలు ఇంటి కోడలికి తప్ప ఎవరికీ చెప్పనని మామ్మ చేత మాట తీసుకుంది. మా అమ్మ ఎన్నిసార్లు అడిగినా మామ్మ నవ్వి ఇంకో ముక్క చేతిలో పెట్టేది. కానీ ఆ ఇంటికి కోడలు రాలేదు. వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసే కొడుకు పెళ్ళే వద్దన్నాడు. అందుకు ఆవిడ ఎవరి దగ్గరా బాధపడగా నేను చూడలేదు.

మూడేళ్ళ కిందట డిసెంబరులో మామ్మ తడి వరండాలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎండుద్రాక్ష అప్పటికే రమ్‌లో నానుతోంది. నన్ను పిలిచి, తను స్టూలు మీద కూర్చుని, చెయ్యమంది. ఏది ఎంతో చెప్పలేదు. నేను మైదా పోస్తూ ఉంటే, చాలనుకున్నప్పుడు ఎడమ చెయ్యి ఎత్తేది. వెన్నకీ పంచదారకీ కూడా అంతే. పంచదార మాడ్చి నల్ల పాకం చేసేటప్పుడు నేను భయపడి ముందే దించేశాను. పారబొయ్యమంది.

"కళ్ళు మండాల. అప్పుడు దించాల," అంది. ఎలా చెయ్యాలో ఆ రోజంతా నోరు విప్పి చెప్పింది అదొక్కటే.

కలిపిన పిండిని సైకిల్ మీద గోల్‌బజార్ బేకరీకి తీసుకెళ్ళి కాల్పించుకొచ్చాను. మామ్మ ఒక ముక్క నమిలి చూసింది.

"మా అత్తకి మాటిచ్చినాను. నేను నీకేటీ సెప్పలేదు. నువ్వు సూసినావు, అంతే."

ఇంటికొచ్చాక నేనూ ఎక్కడా రాసుకోలేదు. తర్వాతి రెండేళ్ళూ ఆవిడే చేసింది. నేను పక్కన కూర్చుని ఎండుద్రాక్ష కాడలు తీసేదాన్ని.

నిన్న వాళ్ళింట్లో జ్ఞాపకార్థ కూటం. దానికోసం మొన్న నేనా కేకు మొదలుపెట్టాను. ఇది చెయ్యడానికి నేనెవర్నని మధ్యలో పొయ్యి ఆపేసి కూర్చున్నాను కూడా. మళ్ళీ వెలిగించాను.

ప్రార్థన అయ్యాక ప్లేటు వాళ్ళబ్బాయికిచ్చాను. చిన్నప్పట్నుంచీ నేను అన్నా అని పిలిచే మనిషి. ఒక ముక్క కొరికి ఆగిపోయాడు.

"అమ్మ ఇది ఎప్పుడు సేసి ఎట్టింది?" అన్నాడు.

నేనే చేశానని చెప్పాను. నా మొహం కేసి చూశాడు. రెండో ముక్క తీసి జేబురుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత వాకిట్లో కుర్చీలు మడతపెట్టడానికి వెళ్ళాడు. వంగిన ప్రతిసారీ, ఆ జేబు నలగకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.