మా అక్క ఎంచిన ఇంజను

మా బావగారు గోవర్ధనరావుకి అరవై దాటాక కారు పిచ్చి పట్టింది. కొనే పిచ్చి అయితే మాకేం బాధ లేదు, షోరూముకి వెళ్ళి తెచ్చుకునేవారు. ఆయనది తయారుచేసే పిచ్చి. నాగాయలంక దగ్గరి రొయ్యల చెరువులు లీజుకిచ్చేసి, గుడివాడలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించి, ఇనప పైపులు కోసి, వెల్డింగు చేసి, నేలకి జానెడెత్తున ఒక చట్రం కట్టారు. రెండు సీట్లు, నాలుగు చక్రాలు. టాపు లేదు, తలుపులు లేవు. ఎందుకండీ ఇది అని అడిగితే, "వేగంగా వెళ్ళడానికి" అనేవారు. ఎక్కడికి అంటే మాత్రం మళ్ళీ వెల్డింగులో పడేవారు. ఇంట్లో కట్టుకున్న బండిని రోడ్డెక్కనివ్వరు కనక, ఆ ప్రశ్న అడిగినవాడిదే తప్పు.

నాకు బందరులో మందుల షాపు ఉంది. వీలున్నప్పుడల్లా గుడివాడ వెళ్ళి అక్కని చూసి వస్తుంటాను. అక్కని చూడాలంటే ముందు బావగారి ఇంజను పాఠం వినాలి. షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. ఊళ్ళో కుర్రాళ్ళంతా టర్బో డీజిలు పెట్టమన్నారట. ఆ సలహా తలుచుకుంటేనే ఆయనకి ఒళ్ళు మండేది.

"డీజిలు లాగుతుందిరా శశీ, కాదనను. దాని బరువు చూశావా? ముక్కు మీద అంత బరువు పెడితే మలుపులో తిరగమన్నా తిరగదు. ఎస్టీమ్ కారు ఇంజను పెడతాను. పెట్రోలుది, తేలిక. తిప్పేకొద్దీ ఇంకా ఇంకా అంటుంది. జిప్సీ జీపు గేరుబాక్సు దానికి అచ్చంగా కూర్చుంటుంది, రెండూ ఒకే కంపెనీవి, ఒకింటి పిల్లలే."

వెనక ఇరుసు పాత ఓమ్నీ వ్యానుది. అది తేలికని. రేడియేటరు మాత్రం ఉండాల్సిన దానికంటే పెద్దది. మన మే నెల ఎండకి చిన్నది చాలదని. ప్రతి సామానుకీ ఒక కారణం ఉండేది, ఆ కారణం పూర్తయ్యేదాకా మనకి కాఫీ వచ్చేది కాదు.

కాఫీ తెచ్చేది మా అక్క అరుణకుమారి. ఆవిడకి కొన్నేళ్ళుగా ఒక చాదస్తం పట్టుకుంది. ఎవరేమన్నా దాన్ని తిరిగి అనేది. "వర్షాలెలా ఉన్నాయి బావగారూ" అని నేనంటే, ఎక్కడున్నా వచ్చి ఆయన ఎదుట నిలబడి, "వర్షాలెలా ఉన్నాయని అడుగుతున్నాడండీ శశి" అనేది. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ముందు నుంచి లేచొచ్చి మరీ, "కాస్త పెరుగు వెయ్యమంటారా అంటున్నాడండీ" అనేది. నీకు మైకు కొనిపెడతాం అక్కా అని అందరం ఏడిపించేవాళ్ళం. నవ్వేసి ఊరుకునేది. బావగారి ఫిర్యాదు వేరు. ఈ కాలంలో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరనీ, అందరూ గొణుగుతారనీ ఆయన అనేవారు.

పోయిన వేసవిలో అక్క తోట్లవల్లూరులో ఏదో శుభకార్యానికి వెళ్ళినప్పుడు, బావగారు ఆగలేక ఒక్కరే బందరు వచ్చారు. చిలకలపూడి వైపు శామ్యూల్ రాజ్ అనే అతనికి పాత ఇంజన్ల షెడ్డు ఉంది. అక్కడ ఒక ఎస్టీమ్ ఇంజను నడిపించి చూసుకుని, ఆటో ట్రాలీలో వేయించుకుని గుడివాడ వెళ్ళిపోయారు. బిగించడం పూర్తయ్యాక నన్ను పిలిచారు.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. బావగారు స్టీరింగు ముందు చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. అంతలో వంటింట్లోంచి అక్క గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఆపండి! లోపల ఏదో కొడుతోంది, ఆపండి!"

ఆవిడ ఆయన వెనక ఉంది. ఆయన ఇంకాస్త తొక్కారు. నేను తాళం మీద చెయ్యి వేసేలోపే ఫట్‌మని పేలినట్టయింది. ఇంజను పక్కన చిల్లు పడి, లోపలి రాడ్డు విరిగి బయటికి తన్నుకొచ్చింది. గచ్చంతా నూనె. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు.

అక్క ముందుకి వచ్చి నిలబడింది. అప్పుడు ఆయన అడిగారు. "ఏదో అంటున్నావు?"

"లోపల ఏదో కొడుతోందన్నానండీ."

"ఎప్పట్నించి?"

"మీరు తాళం తిప్పినప్పట్నించి."

మర్నాడు నేను శామ్యూల్ రాజ్ మీద యుద్ధానికి వెళ్ళాను. పెద్దమనిషికి చెత్త ఇంజను అంటగడతావా అని కేకలేశాను. అతను కంగారుపడిపోయాడు.

"అయ్యో, చెప్పానండీ ఆయనకి. ఎవరో ఆయిలు లేకుండా తిప్పినట్టున్నారు, కింద టకటక వస్తోంది, బేరింగులు మార్చకుండా వాడొద్దండీ అన్నాను. ఆయన నవ్వి, బాగుంది బాగుంది, బండెక్కించు అన్నారండీ. అంత తెలిసిన మనిషి, మార్చుకుంటారులే అనుకున్నాను."

స్కూటరెక్కి తిరిగొస్తుంటే అసలు సంగతి తట్టింది. బావగారికి ఆ టకటకా వినపడలేదు, అతని మాటా వినపడలేదు. పక్కన అక్క ఉండుంటే ఎదుట నిలబడి, "బేరింగులు మార్చాలంటున్నాడండీ" అనేది. మేమంతా చాదస్తం అనుకున్నది నిజానికి అక్క ఆయనకి చెవులుగా ఉండటం. ఇన్నేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ మోసుకొచ్చి, పెదవులు కనపడేలా నిలబడి, ఆయనకి చెవుడు వచ్చిందన్న సంగతి ఆయనకే తెలియకుండా కాపాడుకొచ్చింది. స్కూటరు ఆపుకుని రోడ్డు పక్కన కాసేపు కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది.

దాచి లాభం లేదని గుడివాడ వెళ్ళి జరిగింది చెప్పాను. ఈసారీ అక్క నా మాటలు ఒక్కటి పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. బావగారు కుర్చీ అక్క ఎదురుగా జరుపుకున్నారు.

"ఎన్నాళ్ళయిందే?"

"చెరువుల మీద ఉన్నప్పట్నించే. ఆ డీజిలు జనరేటరు పక్కనే మంచం వేసుకుని పడుకునేవారుగా."

"మరి నాతో అనలేదేం?"

"అంటే మీరు మళ్ళీ ఇంజను దగ్గరికి వెళ్ళరని."

అక్క ఎంత భయపడిందో అంతా జరిగింది. బెజవాడ డాక్టరు చెవికి మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే ఇంజను పక్కన అంతా ఒకటే హోరు, ఏ చప్పుడు ఏదో తెలియదు. బావగారు కారు మీద టార్పాలిన్ కప్పేశారు. మనిషి వీధి వరండాలోకి వచ్చి కూర్చున్నారు. ఎవరన్నా పలకరిస్తే తల ఊపడం, లోపలికి వెళ్ళిపోవడం. ఫోనులో నాకు అక్క చేత ఒకే మాట చెప్పించారు, ఓమ్నీ ఇరుసు ఎవరికన్నా కావాలేమో కనుక్కోమని. ఆయన కబుర్లకి విసుక్కున్నవాణ్ణే, ఆ మౌనం మాత్రం భరించలేకపోయాను.

ఒకరోజు అక్కే ఫోను చేసింది. "ఆదివారం శామ్యూల్ రాజ్ షెడ్డుకి వస్తున్నాంరా. నువ్వూ రా."

"బావగారు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోలేదు. బస్సెక్కమన్నాను, ఎక్కారు."

శామ్యూల్ రాజ్ మూడు ఇంజన్లు వరసగా స్టాండ్ల మీద పెట్టి, మొదటిది నడిపించాడు. బావగారు తలుపు దగ్గరే నిలబడ్డారు. అక్క తిన్నగా మొదటి ఇంజను దగ్గరికి వెళ్ళి, దాని మీద చెవి ఆనించబోయింది. ఆయన గాభరాగా వచ్చి చెయ్యి పట్టుకు లాగారు.

"కాలుతుందే! అట్లా కాదు." పొడవాటి స్క్రూడ్రైవరు తీసుకుని, మొన ఇంజనుకి ఆనించి, పిడి ఆవిడ చెవికి పెట్టారు. "ఇట్లా వినాలి."

అక్క కళ్ళు మూసుకుని వింది. తరవాత ఆయన వైపు తిరిగింది. "తాలింపులో ఆవాలు చిటపటమంటున్నట్టుందండీ."

"పైనేనా? అయితే ట్యాపెట్లు, సర్దుకోవచ్చు. ఇప్పుడు కింద పెట్టు."

"కింద రోట్లో పోటు. మొన్నటిలాగే."

"వద్దు."

రెండోది అన్నిటికంటే కొత్తది, బలం ఎక్కువని శామ్యూల్ రాజ్ చెప్పాడు. అక్క చాలాసేపు విని తల అడ్డంగా ఊపింది. వేడెక్కేకొద్దీ లోపల గిన్నె మూత అదిరినట్టు వస్తోందంది. మూడోదాని దగ్గర వెంటనే కళ్ళు తెరిచింది.

"ఇందులో ఏం లేదండీ. నూనె వేసిన కుట్టుమిషను."

ఆయన ఇంజను వైపు చూడటం లేదు. ఆవిడ మొహమే చూస్తున్నారు, ఒక్క మాట జారిపోకూడదన్నట్టు. ఇన్నేళ్ళ కాపురంలో మా అక్క మొహం ఆయన అంతసేపు చూడటం నేనెరగను.

"రెండోదే పవరు ఎక్కువండీ, ఆలోచించుకోండి" అన్నాడు శామ్యూల్ రాజ్. అక్క ఆ మాట కూడా నిజాయితీగా ఆయనకి అందించింది.

"మా ఆవిడ వద్దంది" అన్నారు బావగారు.

గుడివాడ బయట మూతపడ్డ రైసుమిల్లు ఒకటుంది. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం బాగా విశాలం. మూడో ఇంజను బిగించాక, మిల్లు ఆసామి అనుమతితో ఒక ఉదయం బండిని ట్రాలీ మీద అక్కడికి తీసుకెళ్ళాం. అక్క ముడి మీద హెల్మెట్టు కూర్చోక నానా తంటాలు పడి, చీర కొంగు నడుముకి బిగించి పక్క సీట్లో కూర్చుంది. మొదటి చుట్టు మెల్లగా. మూడో చుట్టులో బండి గోడ వారన మలుపు తిరిగిన తీరు చూసి, ముక్కు బరువు గురించి ఆయన చెప్పిన పాఠమంతా నాకు ఒక్కసారిగా అర్థమైంది.

నా ముందుకొచ్చి ఆగారు. ఇంజను తిరుగుతూనే ఉంది. అక్క హెల్మెట్టు తీసి ఆయన వైపు తిరిగింది.

"పైన చప్పుడు లేదు. కింద లేదు. గేరు మార్చినప్పుడు చిన్న కీచు, అంతే."

ఆయన తల ఊపారు. "ఇంజను మాటలు అయిపోయాయి. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళందరి మాటలూ చెప్పావు. నీ మాటేమన్నా ఉంటే చెప్పవే."

అక్క కాసేపు తన చేతులు చూసుకుంది. మళ్ళీ మొహమెత్తి అడిగింది.

"నా గొంతు గుర్తుందా మీకు?"

బావగారు తాళం తిప్పి ఇంజను ఆపేశారు. హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడ వైపు చూడలేదు. ఎదురుగా మిల్లు గోడ వైపు చూస్తూ, ఎడమ చెవి ఆవిడ దగ్గరగా వంచారు.

పెళ్ళయినప్పట్నించీ మా అక్క నోట ఏవండీ తప్ప ఇంకో పిలుపు నేను వినలేదు. ఆయన చెవి చుట్టూ రెండు చేతులూ దోనెలా పట్టి, గొంతు చించుకుని అరిచింది.

"గోవర్ధనరావు గారూ!"

ఆయన ఉలిక్కిపడ్డారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ!" అన్నారు. "మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తావా!"