పెద్దమ్మ అంగూరు తోట

ఒక అబద్ధం నా పేరుతో పాటే అచ్చవుతూ వస్తోంది. ఇన్నేళ్లూ మోశాను. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నా ముఖం చూడరు కనుక మీకు చెప్పడానికి కొంచెం ధైర్యం.

నాకు పేరు తెచ్చిన మొదటి కథ నాది కాదు. మా అమ్మకు అక్క, బాలమణి పెద్దమ్మది. శంషాబాద్ అవతల, ఇప్పుడు విమానాలు దిగే చోట, ఆమెకు అంగూరు తోట ఉండేది. సెలవులకు వెళితే పందిరి కింద నులక మంచం వేసేది. పచ్చి గుత్తులు తెంపి నమిలి, పళ్లు పులిసిపోయి, ఆమె చేత తిట్లు తిన్న మధ్యాహ్నాలు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నీడ మళ్లీ ఎక్కడా దొరకలేదు.

విమానాశ్రయానికి భూమి పోయింది. తీగలు నరకడానికి మనుషులు వచ్చే ముందురోజు పెద్దమ్మ మోటారు వేసి తోటంతా నీళ్లు పారించింది. రేపు నరికేసే తోటకు నీళ్లెందుకని అడిగాను.

"రేపు పొయ్యేదైతే ఏంది బిడ్డా, ఇయ్యాల దూప దూపే గద" అంది.

ఆ మాటనే కథ చేశాను. కానీ ఆమె మాట్లాడే తీరు నాకు నామోషీ అనిపించింది. పత్రికల్లో అలా రాస్తే ఎవరు చదువుతారనుకున్నాను. అందుకని అంగూరును ద్రాక్ష చేశాను, దూపను దాహం చేశాను, తోటను ఏకంగా గోదావరి ఒడ్డుకు తరలించాను. అక్కడ ద్రాక్ష పండుతుందో లేదో కూడా కనుక్కోలేదు. ఆమె నోట "రేపు మరణించే తీగకైనా నేటి దాహం సత్యమే కదా" అనిపించాను. అందరూ ఆ వాక్యాన్నే మెచ్చారు. ఎలా తట్టిందని ఒక సభలో అడిగితే, ఊహ అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. అప్పటికి పెద్దమ్మ శంషాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటోంది. పత్రిక తీసుకెళ్లి చదివి వినిపించాను. ఎందుకు? మెప్పు కోసమా? గుర్తుపడుతుందేమోనని భయపడుతూనే, గుర్తుపట్టాలని కోరుకున్నానా? ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పాపం, గామె తోట గూడ పోయిందా? ఏ ఊరామె బిడ్డా?"

"ఎవలు లేరు పెద్దమ్మా. గట్ల ఊహించి రాసిన."

"లేకుంటే మంచిదే తియ్యి" అని చాయ్ పెట్టడానికి లేచింది.

ఆ చాయ్ తాగాను. తాగి, ఇంటికొచ్చి, అదే కిరాయి గొంతుతో ఇంకో కథ రాశాను. తర్వాత ఎన్నో. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అలా. ఎవరైనా నన్ను కోస్తా మనిషి అనుకుంటే లోలోపల మురిసిపోయాను కూడా.

పెద్దమ్మ పోయింది. యాభై దాటిన నాకు ఇప్పుడు ఆ కిరాయి గొంతులో ఒక్క వాక్యం కూడా కదలడం లేదు. కాగితం ముందు కూర్చుంటే చిన్నప్పుడు ఆ పందిరి కింద మేమిద్దరం మాట్లాడుకున్న మాటలే వస్తున్నాయి. ఇది నా గొంతు నాకు దొరకడమా, లేక ఆమెది మరోసారి తీసుకోవడమా? తెలియదు.

మొన్న ఆ కథను మొదటి నుంచి మళ్లీ రాశాను. తోట శంషాబాద్‌కు తిరిగొచ్చింది. పైన ఆమె పేరు పెట్టాను. దీన్ని క్షమాపణ అనుకోను, వినాల్సిన మనిషే లేదు. అయినా మనసు కాస్త తేలికపడింది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఆనాడు ఆమెకు చెప్పాల్సిన జవాబును కథ చివర చేర్చాను.

ఉన్నది పెద్దమ్మా. గామె నువ్వే.